పరిశోధకుడే రోగి అయినప్పుడు: నల్లగొండ, పాలమూరు విద్యార్థులకు ఒక మార్గదర్శి

మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు మండలాల ఊళ్లలో పుట్టి, ఎం.ఎస్సీ. దాకా చదివి, మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయంలోనో పాలమూరు విశ్వవిద్యాలయంలోనో పరిశోధనకు చేరిన విద్యార్థి ఫ్లోరైడ్‌ను అంశంగా ఎంచుకున్నాడంటే, ఆ అంశం అతనికి పుస్తకాల్లో మొదటిసారి ఎదురైనది కాకపోవచ్చు. అతని గార పళ్లలో, తల్లి వంగని నడుములో, తాత తిరగని మెడలో అది ముందునుంచీ ఉండి ఉంటుంది. చక్కెర వ్యాధి ఉన్న యువతి ఇన్సులిన్ మీద, మూర్ఛ ఉన్న యువకుడు నాడీమండలం మీద పనిచేయాలనుకోవడం కూడా ఇంతే సహజం. ఇలాంటివారు తమ జబ్బు సంగతి దాచుకోవాలా, చెప్పాలా, తమ శరీరం నుంచి వచ్చే సమాచారాన్ని వాడుకోవచ్చా, వాడుకుంటే ఎంతవరకు వాడుకోవాలి అన్న ప్రశ్నలకు సిలబస్‌లో జవాబు దొరకదు. ఈ మార్గదర్శి వారి కోసం. 1955లో సిద్దిఖీ అనే వైద్యుడు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్ (తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు) గురించి రాసిన నాటి నుంచి ఈ జిల్లా పేరు ప్రపంచ వైద్య సాహిత్యంలో ఆ జబ్బుతోనే ముడిపడి ఉంది కాబట్టి, ఉదాహరణలు ఎక్కువగా అక్కడి నుంచే తీసుకున్నాను.

ఒక్క మాట ముందే చెప్పాలి. జబ్బు మీకు మంచి ప్రశ్నను ఇవ్వగలదు కానీ, ఆ ప్రశ్నకు జవాబు నిర్ణయించే పని మాత్రం దానికి అప్పగించకూడదు. కింద చెప్పే జాగ్రత్తలన్నీ దీని నుంచి పుట్టినవే.

ముందు వైద్యుడి దగ్గరికి వెళ్లండి

పరిశోధన ప్రణాళిక రాయకముందే మీరు రోగిగా, మామూలు రోగి లాగే, వైద్యుడికి చూపించుకోండి. నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులు, బీబీనగర్ ఎయిమ్స్ అందుబాటులోనే ఉన్నాయి. ఫ్లోరైడ్ ఊళ్లో పెరిగినవారు నడుము పట్టేసినా, మోకాళ్లు నొప్పి పెట్టినా దాన్ని ఫ్లోరైడ్ ఖాతాలోనే వేసుకుంటారు. పాతికేళ్ల యువకుడికి పొద్దున లేవగానే నడుము బిగుసుకుపోయి, కాస్త తిరిగాక సడలుతోందంటే అది ఆంకైలోజింగ్ స్పాండిలైటిస్ అనే వెన్నెముక కీళ్ల వాపు జబ్బు కావచ్చు, దానికి మంచి మందులున్నాయి. విటమిన్ డి లోపం వల్ల కూడా ఎముకలు నొప్పి పెడతాయి. తన జబ్బు ఫ్లోరోసిసేనని నమ్మి నాలుగేళ్లు దాని మీదే పరిశోధన చేసిన మనిషి, చికిత్స ఉన్న మరో జబ్బును ముదరబెట్టుకోవడం కన్నా విషాదం ఏముంటుంది? పైగా తన జబ్బేమిటో తేలనివాడు ఇతరుల జబ్బును లెక్కించే పనిలో నిలకడగా ఉండలేడు.

ఆ వైద్యుడు మీ పరిశోధన బృందంలో ఉండకూడదు. మీ ఎక్స్‌రే చూసి మీకు మందు రాసే మనిషి, మీ పరిశోధనలో రెండో రచయితగా పేరు కోరుకునే మనిషి ఒక్కరే అయితే, ఆ సలహా ఎవరి మేలు కోసమో మీకూ తెలియదు, ఆయనకూ తెలియదు.

బాధను ప్రశ్నగా మార్చడం

యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితంలో ఈ పని ఎంత కాలం తీసుకుందో గమనించండి. భీమవరంలో 1895లో పుట్టిన ఆయన ఇద్దరు అన్నదమ్ములను స్ప్రూ అనే జబ్బు వల్ల పోగొట్టుకున్నారు. తిన్న ఆహారం పేగుల్లో ఇంకక, విరేచనాలతో, రక్తహీనతతో మనిషి క్షీణించిపోయే జబ్బు అది. తానూ దాని బారిన పడి, ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బయటపడ్డారు. ఆ తర్వాత అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో ఫిస్క్‌తో కలిసి భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు, కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ను గుర్తించారు, కణాలకు శక్తినిచ్చే ఏటీపీ మీద పనిచేశారు. ఇవేవీ స్ప్రూకు మందు కాదు. 1940లో లెడర్లే ప్రయోగశాలకు మారాక, 1945లో ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారు చేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అదే మందుగా నిలిచింది. అన్నదమ్ముల మరణానికీ ఆ మందుకూ మధ్య దాదాపు పాతికేళ్ల పని ఉంది, అందులో అధిక భాగం కొలవడం నేర్చుకునే పనే. ఆ దుఃఖం ఆయన్ను తొందరపెట్టలేదు. ఈ ఒక్క కారణానికే ఆయన జీవితం మన పరిశోధక విద్యార్థులందరూ చదవదగ్గదని నేను అనుకుంటాను.

కాబట్టి ఒక నోటుపుస్తకం తీసి, ఎడమ పేజీలో మీ బాధను మీ మాటల్లోనే రాయండి: "మా ఊళ్లో అందరికీ నడుములు పోయినయి, బోరు నీళ్లే కారణం." కుడి పేజీలో అదే విషయాన్ని, తప్పని తేలడానికి వీలున్న వాక్యంగా తిరగరాయండి: ఒకే వయసువారిలో, ఒకే రకం పని చేసేవారిలో, లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు పదేళ్లకు పైగా తాగినవారికీ తాగనివారికీ మధ్య నడుము వంగే కోణంలో తేడా ఉందా? మొదటి వాక్యం తప్పు కావచ్చన్న ఆలోచనే మీ మనసు రానివ్వదు. రెండోది తప్పని తేలినా మీ పని పనికొస్తుంది. కుడి పేజీ నింపలేకపోతే ఇంకా ప్రణాళిక రాసే సమయం రాలేదని అర్థం చేసుకుని మరికొంత చదవండి.

మన సికింద్రాబాద్‌లో జరిగిన సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. రొనాల్డ్ రాస్ 1897 వేసవిలో సెలవు మీద ఊటీ వైపు వెళ్లి, సిగూర్ లోయలో స్వయంగా మలేరియా తెచ్చుకున్నాడు. తన జ్వరాన్ని ఆయన రుజువుగా వాడుకోలేదు. బేగంపేటకు తిరిగొచ్చి, హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిన దోమలను కోసి చూస్తూ పోయి, ఆగస్టు 20న ఒక దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని గుర్తించాడు. ఆ రుజువును ఎవరైనా సూక్ష్మదర్శినిలో మళ్లీ చూసుకోవచ్చు. ఆయన జ్వరాన్ని మరెవరూ చూసుకోలేరు.

ఎవరికి చెప్పాలి, ఎంత చెప్పాలి

గైడ్‌కు చెప్పడం మంచిది. "సార్, నాకు కూడా ఫ్లోరోసిస్ ఉంది, క్షేత్ర పరిశీలనలో నా అంచనాలను వేరొకరు సరిచూడాలి" అని పని పరంగా చెబితే అది జాలి కోరడం అనిపించుకోదు. మనుషుల మీద చేసే పరిశోధనలకు అనుమతినిచ్చే సంస్థాగత నైతిక సమితికి పంపే దరఖాస్తులో కూడా, మీ జబ్బు పరిశోధనాంశంతో నేరుగా ముడిపడి ఉంటే, ఒక వాక్యంలో చెప్పండి. మిగతా సహవిద్యార్థులకు, బంధువులకు చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం.

వంశపారంపర్య జబ్బుల్లో ఈ ఇష్టం మరింత లోతైనది. మెదడును క్రమంగా దెబ్బతీసే హంటింగ్టన్స్ వ్యాధితో తల్లిని కోల్పోయిన నాన్సీ వెక్స్లర్, వెనిజులాలోని మరకైబో సరస్సు తీరాన ఆ జబ్బు విస్తారంగా ఉన్న కుటుంబాల రక్త నమూనాలు సేకరించడంలో ముందు నిలిచారు. వాటి ఆధారంగా 1983లో జన్యువు ఉన్న చోటు, 1993లో జన్యువు దొరికాయి. ఆ జన్యువు తనలో ఉండే అవకాశం సగానికి సగం అని ఆమెకు మొదటినుంచీ తెలుసు. తనకు ఆ జబ్బు ఉందని ఆమె బహిరంగంగా చెప్పింది 2020లో మాత్రమే. అన్నేళ్లు చెప్పకపోవడం వల్ల ఆమె సైన్సుకు లోటేమీ రాలేదు. సికిల్ సెల్, తలసీమియా వంటి జబ్బుల మీద పనిచేసే మన విద్యార్థులు దీన్ని గుర్తుంచుకోవాలి. జన్యు పరీక్ష చేయించుకున్నవారు ఒక్కరే అయినా, ఆ కాగితం మీద అక్కాచెల్లెళ్ల, అన్నదమ్ముల సంగతి కూడా రాసి ఉంటుంది. కనుక ప్రచురించే ముందు ఇంట్లో వాళ్ల అనుమతి అడగండి.

సొంత శరీరం నుంచి తీసిన నమూనా

అందరూ తడబడేది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మొదట, మీ శరీరంలోని ఏ భాగం ఏ కాలపు సంగతి చెబుతుందో తెలుసుకోండి. పంటి ఎనామిల్ చిన్నతనంలోనే, సుమారు ఎనిమిదేళ్ల వయసులోపే తయారవుతుంది. గార పళ్లు ఆ వయసులోపు మీరు తాగిన నీళ్లకు మాత్రమే సాక్ష్యం చెబుతాయి. కృష్ణా నీళ్లు మిషన్ భగీరథ నల్లాలో వచ్చాక మీ ఊరి నీళ్లు ఎలా ఉన్నాయో ఆ పళ్లు చెప్పలేవు. మూత్రంలోని ఫ్లోరైడ్ ప్రధానంగా ఇటీవల తాగిన, తిన్నవాటిని సూచిస్తుంది. అయితే ఏళ్ల తరబడి ఎముకల్లో పేరుకున్న ఫ్లోరైడ్ నెమ్మదిగా విడుదలవుతూ ఉంటుంది కనుక, మంచినీళ్లకు మారిన తర్వాత కూడా మీ మూత్రంలో అంకె కొంతకాలం ఎక్కువగానే ఉండవచ్చు. ఈ తేడా పట్టించుకోని విద్యార్థి తన మూత్రం అంకె చూసి "నల్లా నీళ్లలో కూడా ఫ్లోరైడ్ ఉంది" అని రాసేయగలడు. ఆ వాక్యం ఊళ్లోకి వెళితే జనం మళ్లీ పాత బోరింగు దగ్గరికి పోతారు.

రెండోది, మీ నమూనాను మిగతావాటిలో కలపకండి. మీకు ఫలితం ఎలా రావాలో ముందే ఒక కోరిక ఉంది, కాబట్టి మీరు మీ అధ్యయనంలో పాల్గొనే వ్యక్తిగా లెక్కకు రాకూడదు. పద్ధతిని సరిచూసుకోవడానికి, పరికరం పనితీరు తెలుసుకోవడానికి మీ మూత్రాన్ని వాడుకోవచ్చు. ఆ అంకెలను వేరే పుస్తకంలో రాయండి.

మూడోది, కొలత వివరాలు. నమూనాను గాజు సీసాలో కాక పాలిథీన్ సీసాలో తీసుకోవాలి, ఎందుకంటే ఫ్లోరైడ్ గాజుతో చర్య జరుపుతుంది. ముందు రోజు నుంచి బ్లాక్ టీ, నల్ల ఉప్పు, ఫ్లోరైడ్ టూత్‌పేస్ట్ వాడితే రాసి ఉంచండి, ఎందుకంటే ఈ మూడింటిలోనూ ఫ్లోరైడ్ ఉంటుంది. అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్‌తో (ద్రావణంలో ఫ్లోరైడ్‌నే ఎంచి కొలిచే పరికరంతో) కొలిచేటప్పుడు నమూనాకు సమాన పరిమాణంలో టిసాబ్ ద్రావణం కలిపితే, అల్యూమినియం, ఇనుము ఫ్లోరైడ్‌ను పట్టి ఉంచకుండా విడిచిపెడతాయి, ఆమ్లత్వం కూడా స్థిరపడుతుంది. ఫ్లోరైడ్ పది రెట్లు మారితే ఎలక్ట్రోడ్ చూపే వోల్టేజీ 25 డిగ్రీల దగ్గర సుమారు 59 మిల్లీవోల్టులు మారాలి. అంతకు బాగా తక్కువ మారుతోందంటే నమూనా జోలికి పోకుండా ముందు ఎలక్ట్రోడ్‌ను సరిచేయండి. మే నెల ఎండలో బండి మీద తెచ్చిన సీసాలు, చల్లని గదిలో ఉన్న ప్రామాణిక ద్రావణాలు ఒకే వేడికి వచ్చేదాకా ఆగాలి. మా ప్రాంతపు ఎండల్లో ఈ ఒక్క జాగ్రత్త లేక అంకెలు పక్కకు పోతాయి.

నాలుగోది, సొంత శరీరం మీద ప్రయోగం. బారీ మార్షల్ 1984లో హెలికోబాక్టర్ బాక్టీరియాను తాగి, జీర్ణాశయపు వాపు తెచ్చుకుని, 2005లో నోబెల్ అందుకున్న సంగతి అందరికీ తెలుసు. ఆయన తాగేముందు ఎండోస్కోపీ చేయించుకుని తన జీర్ణాశయం ఆరోగ్యంగా ఉందని నమోదు చేయించుకున్నాడన్న సంగతి తక్కువమందికి తెలుసు. తాగిన కొన్నాళ్లకు మళ్లీ చేయించుకున్నాడు, ఆపై యాంటీబయాటిక్స్ వాడాడు. అంత జాగ్రత్తగా చేసినా అది జీర్ణాశయపు వాపును మాత్రమే నిరూపించింది. జీర్ణాశయపు పుండుకు కూడా ఆ బాక్టీరియాయే కారణమా అన్నది తేలడానికి ఎందరో రోగుల మీద, ఎన్నో ఏళ్లు, ఎందరో పనిచేయాల్సి వచ్చింది. 2024లో క్రొయేషియా వైరాలజిస్టు బెయాటా హలాసీ తాను ప్రయోగశాలలో పెంచిన వైరస్‌లతో తన రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స చేసుకున్న వివరాలు ప్రచురించారు, అంతకుముందు ఎన్నో పత్రికలు ఆ వ్యాసాన్ని తిరస్కరించాయి. ఆ దారిలో ఇతర రోగులు నడుస్తారేమోనన్నది అప్పటి ప్రధాన అభ్యంతరం. నా సలహా సూటిగా చెబుతాను: విద్యార్థి దశలో మీ శరీరంలోకి ఏదీ ఎక్కించుకోకండి, ఏదీ మింగకండి. బయటికి వచ్చేదాన్ని మాత్రమే కొలవండి, అదీ నైతిక సమితి అనుమతి ఉంటేనే.

సరైన పద్ధతికి నమూనాగా నేను డేవిడ్ ఫైజెన్‌బామ్‌ను చూపిస్తాను. వైద్య విద్యార్థిగా ఉండగా 2010లో ఆయనకు లింఫు గ్రంథులు వాచి అవయవాలు దెబ్బతినే అరుదైన కాసిల్‌మన్ వ్యాధి వచ్చింది, చావు అంచుదాకా పలుమార్లు వెళ్లొచ్చాడు. జబ్బు తిరగబెట్టిన ప్రతిసారీ తన రక్త నమూనాలను దాచి, వాటిని పరీక్షించి, కణాల పెరుగుదలను నడిపే ఎంటోర్ అనే సంకేత మార్గం అతిగా పనిచేస్తున్నట్టు గమనించాడు. మూత్రపిండ మార్పిడి రోగులకు అప్పటికే వాడుతున్న సిరోలిమస్‌ను తన వైద్యుల పర్యవేక్షణలో 2014లో మొదలుపెట్టి కోలుకున్నాడు. అక్కడితో ఆగకుండా ఇతర రోగుల నమూనాల్లో కూడా ఆ సంకేతం ఉందా అని చూశాడు. ఆ మందు అందరికీ పనిచేయదని తేలింది. తన శరీరంలో దొరికినది ఇతరుల్లో కూడా దొరుకుతుందా అని అడగడం, దొరకని చోట దొరకలేదని రాయడం మీరు నేర్చుకోవాలి.

ఊళ్లోకి వెళ్లినప్పుడు

ఫ్లోరోసిస్ అనుమానానికి ఊళ్లో చేసే పరీక్షలు చాలా సులువు. మోకాళ్లు వంచకుండా నేల మీది నాణెం తీయమంటారు, గడ్డాన్ని ఛాతీకి ఆనించమంటారు, చేతులు రెండూ తల వెనక కట్టమంటారు. వాకిట్లో అరుగు మీద కూర్చున్న పెద్దాయన లేచి, చేతికర్ర పక్కకు పెట్టి, నాణెం వైపు వంగి, వేళ్లు మోకాలి దగ్గరే ఆగిపోయినప్పుడు, తలెత్తి మిమ్మల్నే చూస్తాడు. "నీ పండ్లు గూడ మా పండ్ల తీర్గనే ఉన్నయి గద బిడ్డా" అంటాడు. ఆ మాటతో తలుపులన్నీ తెరుచుకుంటాయి, బయటి పరిశోధకుడికి చెప్పనివన్నీ మీకు చెబుతారు. అదే సమయంలో, మీరు వినాలనుకునేదే చెప్పడం కూడా మొదలవుతుంది. నడుమునొప్పికి గత ఏడాది ట్రాక్టరు మీద నుంచి పడటం కారణమైనా, మీ పళ్లు చూసి అది బోరు నీళ్ల వల్లేనంటారు. మీరూ వెంటనే నమ్ముతారు.

దీనికి మూడు ఏర్పాట్లు చేసుకోండి. ప్రశ్నలు అడిగే పని మీరు చేస్తే, నాణెం పరీక్ష చూసి మార్కు వేసే పని ఫ్లోరోసిస్ లేని సహచరుడికి ఇవ్వండి. పళ్లను ఫోటో తీసి, పళ్ల గార తీవ్రతను కొలిచే డీన్ సూచిక ప్రకారం గ్రేడు వేయడానికి ఇద్దరు దంతవైద్యులకు విడివిడిగా పంపి, వారి అంచనాలు ఎంతవరకు కలిశాయో లెక్కించండి. ముంజేతి ఎక్స్‌రేలను ఊరి పేరు తీసేసి కోడ్ నంబరుతో రేడియాలజిస్టుకు ఇవ్వండి. రెండు ఎముకల మధ్య పొర గట్టిపడటం ఫ్లోరోసిస్‌కు బలమైన గుర్తు, దాన్ని ఊరి పేరు తెలియని కళ్లు చూడాలి. కోడ్ పట్టిక మీ గైడ్ బీరువాలో ఉండాలి, మీ దగ్గర కాదు.

శరీరం ఓర్చుకునే మేరకు

పని వల్ల జబ్బు రావడం, ఉన్న జబ్బు ముదరడం కూడా ఈ విషయంలో భాగమే. మేరీ క్యూరీ 1934లో అప్లాస్టిక్ ఎనీమియాతో మరణించారు, ఆమె నోటుపుస్తకాల్లో రేడియోధార్మికత ఇప్పటికీ పోలేదు. విషలోహాల నిపుణురాలు కరెన్ వెటర్‌హాన్ 1996లో తన రబ్బరు తొడుగు మీద పడిన కొద్ది చుక్కల డైమిథైల్ మెర్క్యురీ వల్ల మరుసటి ఏడాది చనిపోయారు, ఆ తొడుగు దాన్ని ఆపలేదని అప్పటిదాకా తెలియదు. సోడియం ఫ్లోరైడ్ పొడిని తూచే మన విద్యార్థులు ముక్కుకు మాస్కు లేకుండా తూచకూడదు. ఎముకల్లో అప్పటికే ఫ్లోరైడ్ ఉన్నవారు అసలే తూచకూడదు, ఆ పని పక్కవారికి ఇవ్వండి.

కీళ్లు పట్టేసినవారు, ఎండకు మూర్ఛ వచ్చేవారు క్షేత్ర పనిని చలికాలానికి పెట్టుకోండి. సదరం క్యాంపులో వైకల్య ధ్రువీకరణ, యూడీఐడీ (దివ్యాంగుల జాతీయ గుర్తింపు) కార్డు ఉంటే తీసి ఉంచండి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం మీ విద్యాసంస్థ నుంచి తగిన సౌకర్యాలు కోరే హక్కు ఇచ్చింది. 2022 యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం 40 శాతానికి మించిన వైకల్యం ఉన్నవారికి గడువులో అదనంగా రెండేళ్ల సడలింపు ఉంటుంది. ఆఖరి ఏడాదిలో అడగడం కన్నా మొదట్లోనే కార్యాలయంలో రాతపూర్వకంగా తెలియజేసి, అందినట్టు సంతకం తీసుకోండి.

రాసేటప్పుడు

పరిశోధనా పత్రంలో మీ జబ్బు సంగతిని ప్రయోజన ఘర్షణ ప్రకటన దగ్గర ఒక్క వాక్యంలో రాస్తే చాలు, ముందుమాటలో కన్నీటి కథ అవసరం లేదు. మీ అంచనాలను ఎవరు సరిచూశారో పద్ధతుల విభాగంలో చెప్పండి. ఇంటి పేరు, వయసు, వృత్తి, ఊరి పేరు నాలుగూ కలిపి రాస్తే చిన్న ఊళ్లో ఆ మనిషి ఎవరో అందరికీ తెలిసిపోతుంది, కనుక వాటిలో కనీసం రెండు తీసేయండి. మీ తల్లి ఎక్స్‌రేను బొమ్మగా వేయాలనిపిస్తే, కొడుకు అడిగాడని ఆమె కాదనలేకపోవచ్చు కాబట్టి, అనుమతి పత్రం మీద సంతకం మీరు కాక మీ గైడ్ వెళ్లి అడగాలి.

థీసిస్ సమర్పించకముందే ఊరికి తిరిగి వెళ్లి, ఏ బోరు నీళ్లలో ఎంత ఫ్లోరైడ్ ఉందో తెలుగులో రాసిన కాగితాన్ని పంచాయతీ గోడకు అంటించండి, లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటిన బోరింగుల పేర్లు ఎర్ర సిరాతో రాయండి. నమూనాలు ఇచ్చినవారిలో మూత్రంలో ఎక్కువ అంకె వచ్చినవారిని విడిగా కలిసి, ఆ అంకె దేన్ని సూచిస్తుందో, దేన్ని సూచించదో చెప్పి, ఏ ఆసుపత్రిలో ఏ విభాగానికి వెళ్లాలో చీటీ రాసివ్వండి.